పాలకవరులోంచి చూసే బాబాయి

మా బాబాయి చెక్కను పాలకవరులోంచి చూస్తాడు.

లోకంలో చెక్క కొనేవాళ్ళు రకరకాలు. కొందరు వేలితో తట్టి చూస్తారు. కొందరు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తారు. కొందరు ధర చూసి ఇంకేమీ చూడకుండా ఇంటికి వెళ్ళిపోతారు. మా బాబాయి మాత్రం చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన ఖాళీ పాలకవరు తీస్తాడు. కవరంటే మళ్ళీ ఏదో జిడ్డు కవరు కాదు. శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, బొమ్మలూ అక్షరాలూ లేని వైపు చక్కగా కత్తిరించింది. దాన్ని కళ్ళజోడు మీదుగా మొహానికి అడ్డం పట్టుకుని, ఎదురుగా ఉన్న చెక్క తలుపు వంక అలా చూస్తూ నిలబడతాడు. కాసేపటికి కవరు వెనకనించి "ఊఁహూఁ" అని వినపడుతుంది. కవరు మళ్ళీ నాలుగు మడతలై జేబులోకి పోతుంది. అంతే, ఆ కొట్టుకీ మాకూ ఋణం తీరిపోయినట్టే.

మాకూ అన్నాను కదా, నేనెందుకున్నానంటారా? నాకు కారుంది. ఈ కథలో నేను చేసిన నేరం అదొక్కటే.

అసలు జరిగిందేమిటంటే, బాబాయి వాళ్ళ వంటగదిలో సింకు కింద పైపు కారి, పాత అల్మరాలన్నీ నీళ్ళకు ఉబ్బిపోయాయి. తలుపు తీస్తే రాదు, వచ్చిందంటే మళ్ళీ పడదు. వెల్ల వేసినట్టు తెల్లగా ఉండే ఆ పాత అల్మరాలని వడ్రంగి మిస్త్రీ పీకి అవతల పారేశాడు. నేల మాత్రం అదృష్టం కొద్దీ బతికిపోయింది. అది మామూలు నేల కాదు. బాబాయీ పిన్నీ ఆ ఇంట్లోకి వచ్చినప్పుడు ముచ్చటపడి వేయించుకున్న టేకు చెక్క నేల. తేనె రంగు. దాని మీద చెప్పులేసుకుని నడిస్తే పిన్ని చూసే చూపుకి చెప్పులు వాటంతటవే బయటికి వెళ్ళిపోతాయి. ఆ నేలకి నప్పే చెక్క అల్మరాలు ఎంచుకోవాలి. ఇంతే పని. ఒక్క ఆదివారం చాలన్నారు. నమ్మాను.

ఆ ఆదివారం పోయి, ఎన్నో ఆదివారాలు దాని వెనకాలే పోయాయి. పిన్ని వంట హాల్లోకి వచ్చింది. గిన్నెలు సోఫా కిందకి చేరాయి. గరిటెలు పేపర్లు పెట్టుకునే బుట్టలో ఉంటున్నాయి. ఒకరోజు నేను టీవీ రిమోట్ కోసం చెయ్యి పెడితే చపాతీ కర్ర వచ్చింది. పిన్నికి ఈ భూమ్మీద ఉన్న కోరిక ఒక్కటే, తన వంటగదిలోకి తను వెళ్ళి నిలబడి వండుకోవడం. ఆ వంటగదిలో ఆవిడ రాజ్యమేలింది. ఇప్పుడు దిక్కులేని రాణిలా హాల్లో గ్యాసు పొయ్యి ముందు కూర్చుని బాబాయిని తిట్టుకుంటూ కూర తాలింపు వేస్తోంది.

మొదటి కొట్టు నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. అద్దాల మేడ. సేల్స్‌మన్ టై కట్టుకుని, నవ్వు కూడా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. బాబాయి సంచిలోంచి నేలకి వాడగా మిగిలిన టేకు ముక్క తీసి వాళ్ళ పాలరాతి మీద పెట్టాడు. సేల్స్‌మన్ కళ్ళు మెరిశాయి. పరుగున వెళ్ళి ఒక తలుపు తెచ్చి పక్కన నిలబెట్టాడు.

"చూడండి సార్! మీ నేలకి అచ్చం కవలపిల్ల!"

నిజంగానే అలా ఉంది. పని అయిపోయింది, ఇంటికెళ్ళి పడుకోవచ్చు అనుకున్నాను. అప్పుడు బాబాయి జేబులో చెయ్యి పెట్టాడు. పాలకవరు బయటికొచ్చింది.

"కవలపిల్లలేనయ్యా," అన్నాడు కవరు వెనకనించి. "అదే వచ్చిన చిక్కు. ఇది కనపడటం లేదు."

"మొహానికి కవరు అడ్డం పెట్టుకుంటే ఎలా కనపడుతుంది సార్?"

"కనపడాలి."

"కవరు తీస్తే కనపడుతుంది సార్."

"కవరు తీస్తే అన్నీ కనపడతాయి. అందులో నీ గొప్పేముంది?"

సేల్స్‌మన్ నా వంక చూశాడు. నేను పైకప్పు వంక చూశాను. వాచ్‌మన్ మెల్లగా నా పక్కకి వచ్చి, "పెద్దాయన మందులు టైముకి వేసుకుంటున్నారా?" అని ఎంతో ఆప్యాయంగా అడిగాడు. ఆ ఆప్యాయతకి నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అక్కడితో ఆగాడా! ఓక్ చూశాడు, ఊఁహూఁ. ఎర్రచెక్క చూశాడు, ఊఁహూఁ. చుట్టాలు కొత్త ఇల్లు కొనుక్కుని చూసిపొమ్మని పిలిస్తే, హాల్లో కూర్చోకుండా తిన్నగా వంటగదిలోకి వెళ్ళి కవరు తీశాడు. "అయ్యయ్యో, ఇది పనికిరాదు," అన్నాడు. ఆ ఇంటావిడ అల్మరాల వంక చూస్తూ కళ్ళు తుడుచుకుంది. మంగలి షాపులో గడ్డం సగం గీయించుకుని లేచి, గోడకున్న చెక్క అరని కవరులోంచి చూసి వచ్చి, మిగతా సగం గీయించుకున్నాడు. వీధిలో పిల్లలు ఆయన అసలు పేరు మర్చిపోయేంత పని అయింది. ఎవరిల్లని అడిగితే 'పాలకవరు తాతగారిల్లు' అని చూపించేవారు.

"బాబాయ్, ఒక్క మాట చెప్పు. చెక్కని కళ్ళతో చూస్తే ఏం పోతుంది?" అని కారులో నిలదీశాను ఒకసారి.

"నువ్వు ముందు చూసి నడుపు," అన్నాడు.

మిస్త్రీ పాపం ఓపికమంతుడు. నమూనాకి రకానికొక తలుపు చేసి తెచ్చి ఖాళీ వంటగదిలో గోడకి ఆనించి నిలబెట్టాడు. "మీరు ఏదో ఒకటి ఖాయం చేసేలోపు నాకు మనవలు పుట్టేలా ఉన్నారండీ," అన్నాడు. అతనికి అప్పటికింకా పెళ్ళి కాలేదు.

ఇంట్లో గందరగోళం రోజురోజుకీ ముదిరింది. పిన్ని నమూనా తలుపులకి తగిలి మోకాలి కింద దెబ్బలు తగిలించుకుంది. టీ పోస్తే సగం కప్పులో, సగం సాసరులో. ఒకరోజు నేను లోపలికి అడుగుపెట్టగానే, "మిస్త్రీ, ఆ స్టూలు కాస్త పక్కకి జరుపు," అంది.

"పిన్నీ, నేను!"

"నువ్వేనని తెలుసులేరా. పనికి పిలిస్తే రానివాడివి కదా, మిస్త్రీ అంటేనన్నా కదులుతావని."

నవ్వుకుని స్టూలు జరిపాను. ఇల్లంతా ఇలా సంత చేసి పెడితే ఎవరికైనా తికమకే అనుకున్నాను. దీనంతటికీ కారణం బాబాయేనని మనసులో ఇంకో నాలుగు అక్షింతలు వేశాను.

ఇలా ఉండగా అక్క దిగింది. అక్కంటే బాబాయి కూతురు. మేమంతా చాటుగా హెడ్మిస్ట్రెస్ అంటాం. ఎదురుగా అనగల మగాడు మా వంశంలో ఇంకా పుట్టలేదు. వచ్చీ రాగానే సోఫా కింద గిన్నెలు చూసింది, తల్లి కాలి మీద దెబ్బలు చూసింది, తీర్పు చెప్పేసింది.

"ఇవాళ సాయంత్రంలోగా అల్మరాల సంగతి తేలాలి నాన్నా. తేలలేదా, అమ్మని మా ఇంటికి తీసుకెళ్ళిపోతాను. అక్కడ వంటమనిషి ఉంది. అమ్మ హాయిగా కూర్చుని తింటుంది."

పిన్ని మొహం మాడిపోయింది. "కూర్చుని తినడానికి నాకేం రోగమే!" అంది. గొంతు మాత్రం ఎప్పటిలా లేచి రాలేదు. అది విని నాకు బాబాయి మీద నిజంగానే కోపం వచ్చింది. ఒక్క మనిషి చాదస్తం కోసం ఆవిడ వంటగది ఆవిడకి కాకుండా పోవాలా?

సభ వంటగదిలో జరిగింది. అక్క టేకు తలుపు చూపించి, "ఇంకేం ఆలోచన? నేలా ఇదీ ఒకే రంగు. పత్రికలో వేసినట్టుంటుంది," అంది. మిస్త్రీ సై అన్నాడు. నేను రెండు చేతులూ ఎత్తాను. బాబాయి మామూలుగానే కవరు తీశాడు. ఒక్కో తలుపునీ చూసుకుంటూ వెళ్ళి, మూలనున్న వాల్‌నట్ తలుపు ముందు ఆగిపోయాడు. అన్నిట్లోకీ నల్లటిది అదే. ఈసారి "ఊఁహూఁ" రాలేదు.

"మిస్త్రీ, ఇది ఖాయం. అన్ని తలుపులకీ చుట్టూ అంచున తెల్లచెక్క పట్టీ కొట్టు. పిడులు కూడా తెల్లవే. మూలలన్నీ గుండ్రంగా చెక్కాలి."

ముందుగా తేరుకున్నది అక్క. "నలుపు మీద తెలుపా! తేనె రంగు నేల మీదా! ఇది వంటగదా, పియానోనా? నాన్నా, నీకు మతిపోయింది!"

"పోయిందనే అనుకో తల్లీ. అల్మరాలు మాత్రం ఇవే."

కవరు గట్టు మీద పడేసి బయటికి వెళ్ళిపోయాడు. అక్క వాళ్ళాయనకి ఫోన్ చేసి ఏడవడానికి హాల్లోకి వెళ్ళింది. మిస్త్రీ, నేనూ మిగిలాం. అతన్ని నవ్విద్దామని నేను కవరు తీసుకుని, బాబాయిలా నడుం వంచి, మొహానికి అడ్డం పెట్టుకుని "ఊఁహూఁ" అన్నాను. మిస్త్రీ పడీ పడీ నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. టేకు తలుపు లేదు. ఇప్పుడే మేమంతా ఓటేసిన తలుపు, నా ఎదురుగా నిలబెట్టిన తలుపు, నేలలో కలిసిపోయింది. నేల ఎక్కడ అయిపోయిందో తలుపు ఎక్కడ మొదలైందో తెలియని తేనెరంగు పొగ. మూలన వాల్‌నట్ తలుపు ఒక్కటే నల్లగా, నిక్కచ్చిగా, ఇదిగో నేనున్నానన్నట్టు నిలబడి ఉంది.

ఆ పొగలోకి పిన్ని వచ్చింది. వాల్‌నట్ తలుపు దగ్గర చక్కగా పక్కకి తప్పుకుంది. నాలుగడుగులేసి టేకు తలుపుకి ఠపీమని మోకాలు కొట్టుకుంది. "మిస్త్రీ, ఇవి దారిలో పెట్టొద్దని చెప్పానా!" అని నన్ను కసిరింది. అసలు మిస్త్రీ ఆవిడకి రెండో పక్కన నిలబడి ఉన్నాడు.

కవరు పట్టుకుని తిన్నగా వీధి అరుగు మీదకి వెళ్ళాను. బాబాయి నా చేతిలో కవరు చూశాడు. నా మొహం చూశాడు. దొరికిపోయాడు.

"మీ పిన్నికి కంటి వెనక నరం దెబ్బతిందట్రా, ఈ కవరులోంచి చూసినట్టే కనపడుతుంది," అన్నాడు గొంతు తగ్గించి. "చుక్కల మందుతో ఉన్న చూపు నిలుపుతామన్నాడు డాక్టరు. పోయింది మాత్రం తిరిగి రాదుట. పిల్లలకి చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది. తెలిస్తే పొయ్యి దగ్గరికి పోనివ్వరని దాని భయం. వంటగది లేకపోతే అది ఉండలేదురా. పాతవి తెల్లగా ఉండేవి, ఎలాగో తడుముకునేది. ఇప్పుడు ఈ టేకు పెడితే ఇంకేమైనా ఉందా?"

"ఆ మాట పిన్నితోనైనా చెప్పొచ్చుగా! ఆవిడా నిన్ను తిడుతోంది."

"చెబితే, నా కోసం ఇంత తిరుగుతున్నాడని కుమిలిపోతుంది. ఇప్పుడైతే హాయిగా నాకు పిచ్చనుకుంటోంది. అనుకోనీ. నువ్వు చెప్పావంటే చంపుతాను."

ఒట్టేశాను. లోపలికెళ్ళి, "అక్కా, ఆలోచిస్తే పియానోయే బాగుందనిపిస్తోంది," అన్నాను. అక్క నన్ను పైనుంచి కిందకి చూసి, "నీకూ అంటుకుందా?" అంది. ఇన్నాళ్ళుగా కూడబెట్టుకున్న పరువు ఆ ఒక్క మాటతో పోయింది. పోతే పోయింది. అక్క విసిగిపోయి, "మీ చావు మీరు చావండి," అని ఒప్పుకుంది.

అల్మరాలు బిగించిన రోజు అందరం గుమ్మంలో నిలబడ్డాం. నిజం చెప్పొద్దూ, దారుణంగా ఉంది. నేల ఒక మాటంటే అల్మరాలు ఇంకో మాటంటున్నాయి. పిన్ని లోపలికి అడుగుపెట్టింది. ఎక్కడా తడుముకోలేదు. తిన్నగా వెళ్ళి తెల్ల పిడి పట్టుకుని తలుపు తీసింది, గిన్నె అందుకుంది, పొయ్యి వెలిగించింది, మూల దగ్గర ఒయ్యారంగా తిరిగింది. నా మోకాళ్ళకి హాయిగా అనిపించింది. ఇన్నాళ్ళకి ఆవిడ ఇచ్చిన టీ మొత్తం కప్పులోనే ఉంది. ఆ తెల్ల కప్పులకి కూడా ఈమధ్య నల్లరంగు సాసర్లు వచ్చాయని అప్పుడే గమనించాను. బాబాయి పనే.

"చెప్పమ్మా, రంగు ఏమన్నా నప్పిందా?" అంది అక్క, ఇంకా మంట చల్లారక.

"ఏం నప్పిందే? నా తలకాయ నప్పింది!" అంది పిన్ని. "మీ నాన్నకి కళ్ళుంటేగా!"

ఆ తిట్టు తిన్న మనిషి మొహం చూడాలి. సన్మానం జరిగినట్టు వెలిగిపోయింది. నవ్వు దాచుకోవడానికి కాబోలు, మిస్త్రీని సాగనంపే వంకతో అక్కని కూడా తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

నేను కప్పు సింకులో పెడుతుంటే పిన్ని, "ఒరేయ్," అంది మెల్లగా. ఈసారి మిస్త్రీ అనలేదు. "ఆ కవరు ఎందుకో నాకు తెలుసని మీ బాబాయికి చెప్పకు."

కప్పు వదిలేసి వెనక్కి తిరిగాను. "నీకు తెలుసా?"

"రోజూ పాలకవరు కడిగి, బొమ్మ లేని వైపు చూసి కత్తిరించి, ఆరేసి, ఆయన చొక్కా జేబులో పెట్టేదెవరనుకున్నావురా? ఆయనకి కత్తెర ఎక్కడుంటుందో కూడా తెలియదు. నాకు తెలుసని తెలిస్తే మొహమాటపడి మానేస్తాడు. పిచ్చివాడని నాలుగు తిడుతుంటే, తిట్టించుకోవడం కోసమైనా హుషారుగా తిరుగుతున్నాడు. నోరు జారావో, నీకు ఈ ఇంట్లో టీ లేదు."

ఈవిడకీ ఒట్టేశాను. ఒక ఇంట్లో ఇద్దరి మధ్య రెండు ఒట్లు మోస్తున్న మనిషిని, నా బతుకు మీరే ఊహించుకోండి.

కారు తాళాలు తీస్తుంటే బాబాయి గేటు దగ్గర పట్టుకున్నాడు. "ఆదివారం ఖాళీయేగా? మెట్లకి అంచు పట్టీలు చూడాలి. ఇప్పుడున్నవి బొత్తిగా కలిసిపోతున్నాయి."

లోపలినించి పిన్ని విసవిసా వచ్చింది. "ఇదిగో, మీ పిచ్చి మర్చిపోయారు!" అని, నాలుగు మడతల కవరు ఆయన జేబులో కుక్కింది. ఆయన నా వంక చూసి రహస్యంగా కన్నుగీటాడు. ఆయన వీపు వెనకనించి ఆవిడ నా వైపు వేలు చూపించి బెదిరించింది.

"ఆదివారం పొద్దున్నే వస్తాను," అన్నాను. "పిన్నీ, నాక్కూడా ఒకటి కడిగి పెట్టు."