ఆఖరి మాట ఎవరిది?

మిర్యాలగూడలో మా రైస్ మిల్లు నడిపింది నేనే. అన్న పక్షవాతంతో మంచం పట్టి చాలా ఏళ్లయింది. అయినా మా వర్తకుల ఇళ్లలో అన్న ఉండగా తమ్ముడు తన పేరు చెప్పుకోవడం పద్ధతి కాదు.

కెనడాలో వ్యాపారం పెడితే శాశ్వత నివాసం ఇస్తారని మిల్లు అమ్మేశాం. ఇంటర్వ్యూలో, "మిల్లులో ఆఖరి మాట ఎవరిది?" అని అడిగారు. "మా అన్నది" అన్నాను వినయంగా. సొంతంగా వ్యాపారం నడిపిన అనుభవం లేదని దరఖాస్తు తిరస్కరించారు. వినయానికి అక్కడ పాయింట్లు లేవట.

"గట్లెందుకన్నవ్‌రా తమ్మీ?" అన్నాడు అన్న.

"నువ్వుండంగ ఇంకేమనాల్నే?"

"మిల్లు కొన్నోళ్లకు గుమస్తా కావాల్నట. పోతవా?"

"నువ్వెట్లంటె గట్లనే అన్నా."