కారు నెట్టినవాళ్ల పాట

అమ్మను జ్వరంతో భద్రాచలం ఆసుపత్రికి తీసుకెళ్తూ, బూర్గంపాడు దాటకముందే అడవి దారిలో మాత్ర వేయడానికి కారు ఆపాను. మళ్లీ తాళం తిప్పితే టక్‌మన్న చప్పుడే తప్ప ఇంజన్ కదల్లేదు.

పొగమంచులో తెల్లబట్టలతో ఆదివారం ప్రార్థనకు నడిచి వెళ్తున్నవాళ్లు ఆగారు. వాళ్లలో గని మెకానిక్‌గా రిటైరైన పెద్దాయన లైట్లు వేయించి చూశాడు. మసకగా వెలిగాయి.

"బ్యాటరీ దిగింది సార్. క్లచ్ తొక్కి సెకండ్ గేర్ల పెట్టుండ్రి. మేం నూకుతం. నేను చెప్పంగనే క్లచ్ వదలుండ్రి."

అందరూ కోయభాషలో పాడుతూ నెట్టారు. ఆయన కేకకు క్లచ్ వదిలాను. ఇంజన్ అందుకుంది. దిగి దండం పెట్టబోయాను.

"ఆపకుండ్రి! అమ్మను జల్దీ దవాఖానాకు తీస్కపోండ్రి!"

అద్దంలో తెల్లబట్టలు మంచులో కలిసిపోయాయి.

జ్వరం తగ్గాక అమ్మ, "కలలో ఎవరో పాడారురా" అంది. కల కాదన్నాను కానీ, ఒక్కరి పేరూ చెప్పలేకపోయాను.