మొప్పలు చూసి కొన్న చేపలు

2004 ఆగస్టు, రెండో ఆదివారం, మధ్యాహ్నం. ఇంట్లో ఉన్నవారు: నేను, నా భార్య, ఐదో నెల గర్భంతో పుట్టింటికి వచ్చిన మా అమ్మాయి. గుమ్మం దగ్గర చేపలతను.

రెండు నెలలుగా ప్రతి ఆదివారం అతను మడివాళలోని మా ఇంటికి సైకిల్ మీద చేపలు తెచ్చేవాడు. అమ్మాయికి బలమని చేపల్ని నేనే ఏరి కొనేవాణ్ణి. మొప్ప ఎత్తి ఎరుపు చూసేవాణ్ణి, కన్ను చూసేవాణ్ణి, తూకం వేయించి అన్నీ డైరీలో రాసేవాణ్ణి.

"చేపకి జాతకం రాస్తాండావా నానా?" అని అమ్మాయి నవ్వేది.

ఆ రోజు అతను ఆలస్యంగా వచ్చాడు. ఎందుకని అడిగాను.

"హెబ్బగోడి నుంచి తొక్కుకుంటా రావల్ల కదప్పా. ఫ్యాక్టరీల ఎనక కెరెలో మావాళ్ళు చేపలు పెంచుతాండారు. ఎప్పుడూ ఆడివే తెచ్చేది."

ఏ చెరువని మళ్ళీ అడిగాను. దారి చెప్పాడు. అది నాకు తెలిసిన దారే.

అక్కడ ఒక ఫ్యాక్టరీలో, ఇనుప సామానుకు కాడ్మియం పూత వేసే విభాగంలో, రిటైరయ్యేదాకా నేను సూపర్వైజర్ని. శనివారాలు తొట్లు కడిగించేవాణ్ణి. కాడ్మియం విషం కలిసిన ఆ నీళ్ళను శుద్ధి చేసే యంత్రం చెడిపోయాక, నేరుగా వెనక కాలువలోకి వదిలించాను. కాలువ ఆ చెరువులోనే కలుస్తుంది. డైరీలో మాత్రం "తొట్లు కడిగాము" అని రాసుకున్నాను.

అప్పటికే నా భార్య చేపలు లోపలికి తీసుకెళ్ళింది. నేను అతనికి డబ్బులిచ్చి పంపేశాను.

అమ్మాయి కంచంలో పులుసు పడ్డాక, "తినొద్దు తల్లీ, వాసన వస్తాంది" అన్నాను.

నా భార్య గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుంది. "నా పులుసులో వాసనా? ఈయప్ప ముక్కు కూడా రిటైరయినట్టుండాది!"

"మొప్పలు చూసి తీసుకున్నది నువ్వే కదా నానా," అంటూ అమ్మాయి రెండు ముక్కలు తింది. నేను పెరుగన్నం తిన్నాను.

మరుసటి ఉదయం ఫ్యాక్టరీ రోజుల పాత డైరీ ఒకటి అమ్మాయి చేతిలో పెట్టి, "తొట్లు కడిగాము" అన్న రెండు మాటల వెనక ఉన్నది చెప్పాను.

అమ్మాయి ఆ పేజీ మీద వేలు పెట్టింది. "ఇది మొప్పల్లో కనపడదా?"

"కనపడదమ్మా."

"అమ్మకి చెప్పినావా?"

"లేదు."

లేచి వంటింట్లోకి వెళ్ళింది. మిగిలిన పులుసు వేడి చేస్తున్న తల్లి చేతిలోంచి గిన్నె తీసుకుని, స్టవ్ ఆర్పి వచ్చింది.

"డాక్టరమ్మ కాడికి పోదాం. ఇదీ, చేపలు రాసిన డైరీ, రెండూ తీసుకో. ఆ నీళ్ళల్లో ఏముండేదో ఆమెకి నువ్వే చెప్పల్ల."