థాంక్స్ చెప్పకూడని మొక్క

వర్జీనియాలోని బెల్‌ఫోర్డ్ ఊళ్లో ఓజెల్లా టిన్స్లీ ముప్పై ఒక్క ఏళ్లు బడి బస్సు నడిపింది. ఆ బస్సెక్కి చదువుకున్నవాళ్లలో ఒకాయన జడ్జి అయ్యాడు, ఒకావిడ పళ్ల డాక్టరయింది, ఇంకొకడు జైలుకెళ్లి వచ్చాడు. ముగ్గురూ ఈనాటికీ ఆవిడ ఎదురుపడితే నోట్లో చూయింగ్ గమ్ మింగేసి నిలబడతారు. రిటైరైన రోజున బస్సు తాళం ఇచ్చేసింది గానీ గొంతు తనే ఉంచుకుంది. ఆ గొంతంతా తీసుకెళ్లి కొండ మీది సమాధుల తోటలో గులాబీల మీద పెట్టింది.

అక్కడ గులాబీలు నాలుగు వందల పైచిలుకు ఉన్నాయి. మంగళవారం మంగళవారం ఊళ్లోని పెద్దవాళ్లు పదిమంది వచ్చి వాటికి చాకిరీ చేస్తారు. పేరు తెలియని గులాబీ కనబడితే, అది ఏ సమాధి మీద పెరుగుతోందో ఆ మనిషి పేరే దానికి పెట్టి, చిన్న తగరపు రేకు మీద చెక్కించి మొక్క మొదట్లో పాతుతారు. ఓజెల్లా నాయనమ్మ ఆర్మింటా సమాధి మీద అలాంటిదే ఒకటి ఉండేది. పాలమీగడ రంగు, లవంగం వాసన. ఆర్మింటా ఊరి బట్టలన్నీ ఉతికి బతికిన మనిషి. ఏ దొరసాని పెరట్లోంచో కొమ్మ విరిచి, ఉతికిన దుప్పట్ల మధ్య దాచి తెచ్చిందట. ఆవిడ సమాధికి రాయి పెట్టించే స్తోమత ఎవరికీ లేకపోయింది. పెట్టిన చెక్క శిలువ పుచ్చిపోయింది. ఇక ఈ భూమ్మీద ఆవిడ పేరు రాసి ఉన్నది ఒక్కచోటే: 'ఆర్మింటా గులాబీ' అని ఉన్న ఆ రేకు మీద.

అలాంటి మొక్కకి ఒక జూన్ నెలలో చీపురు తెగులు పట్టింది. ఎర్రటి చివుళ్లు చీపురుకట్టలా గుబురుగా వచ్చాయంటే ఇక ఆశ లేదు. వేళ్లతో సహా తవ్వి తగలబెట్టాలి, లేకపోతే తోటంతా పాకుతుంది. కొత్తగా చేరినవాళ్లకి ఆ పాఠం చెప్పేది ఓజెల్లానే.

"ఇంకెవరికైనా చూపిద్దామే ఓజీ," అంది బెర్నడీన్, మంగళవారం జట్టులో ఆవిడ స్నేహితురాలు.

"ఎవరికి చూపిస్తాం? వాళ్లు వచ్చి నన్నే అడుగుతారు," అని ఓజెల్లా పార తీసుకుంది.

తానే తవ్వింది, తానే కాల్చింది. అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ ఆ తోటకి ఇంకో నియమం ఉంది: మొక్క లేని రేకుని వచ్చే మే నెలలో, ఊరంతా సమాధులకి పువ్వులు పెట్టే సమాధుల పండుగ దాకా ఉంచి, ఆ తర్వాత పీకేస్తారు. బద్ధకస్తులు ఖాళీ జాగాల మీద రేకులు పెట్టి కూర్చుంటున్నారని బల్ల గుద్ది మరీ ఆ నియమం పెట్టించింది ఎవరనుకున్నారు? ఓజెల్లా టిన్స్లీయే. ఎవరు తీసిన గోతిలో వాళ్లు పడడమంటే ఇదే మరి.

ముప్పై ఏళ్లుగా ఆ గులాబీ కొమ్మల్ని ఊరంతా పంచిపెట్టింది కదా, ఎక్కడో ఒకచోట ఉండకపోదని బయల్దేరింది. ఒకరింట్లో ఆ చోట కారు షెడ్డు లేచింది. ఒకరింట్లో జింకలు తినేశాయి. ఒకరింట్లో కొత్త కోడలు కలుపు మందు కొట్టింది. ఒక ముసలాయన ఎంతో గర్వంగా పెరట్లోకి తీసుకెళ్లి చూపించాడు. చూస్తే అది కోరిందకాయ పొద. పదేళ్లుగా గులాబీ అనుకుంటూ కాయలు తింటున్నాడు. ఓజెల్లా ఆయన మనసు కష్టపెట్టడం ఇష్టం లేక రెండు కాయలు తిని వచ్చేసింది.

"ఇంకొక్క ఇల్లుంది," అంది బెర్నడీన్, ఆగస్టులో ఒకరోజు. "చెబితే తంతావని చెప్పలేదు. థాడియస్ క్రూస్ గారిల్లు. చర్చి పత్రిక ఇవ్వడానికెళ్లా. వరండా కప్పు మీదికెక్కేసిందే. వీధి మొగలోనే లవంగం వాసన."

"ఆ ఇల్లు తప్ప ఇంకేదైనా చెప్పు," అంది ఓజెల్లా.

ఆ ఊళ్లో ఒక మాట ఉంది. ఎవరైనా మొక్క ఇస్తే థాంక్స్ చెప్పకూడదు. చెబితే మొక్క చస్తుంది. ఊరికే తీసుకుని, వానల గురించి ఏదో మాట్లాడి వెళ్లిపోవాలి. అదే దొంగిలించిన కొమ్మయితే ఎండుపుల్ల పాతినా చిగురేస్తుంది. చంటిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. కానీ క్రూస్ గారు ఒహాయో నుంచి వచ్చిన మనిషి, పియానోలు శ్రుతి చేసేవాడు, ఆయనకేం తెలుసు? పందొమ్మిదేళ్ల కిందట ఆయన భార్య జెస్సమిన్ పోయినప్పుడు, చర్చి హాల్లో భోజనాల దగ్గర, ఓజెల్లా కాఫీ డబ్బాలో వేళ్లూనిన కొమ్మ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఆ డబ్బా పట్టుకునే లేచి నిలబడి, హాలంతా వినేలా థాంక్స్ చెప్పాడు.

"అయ్యో, చంపేశారు కదండీ," అంది ఓజెల్లా. బస్సు గొంతు కాబట్టి వంటగదిలోకి కూడా వినబడింది.

మొక్క గురించే అంది. కానీ భార్యని పాతిపెట్టి గంట కాని మనిషితో అన్నది. ఆయన ఆ ఆదివారం నుంచి చర్చిలో అవతలి వరసలోకి మారిపోయాడు. ఓజెల్లా ఊరుకుందా? ఏటేటా తోటలో కొత్తవాళ్లకి చెప్పే పాఠంలో, మొక్కని ఒక్క మాటతో ఎలా చంపచ్చో ఆయన పేరు చెప్పి మరీ నవ్వించింది. ఇప్పుడు ఆయన గుమ్మమే ఎక్కాలి. మూడు వారాలు మొహం చెల్లక తిరిగింది. నాలుగో వారం నాయనమ్మ రేకు ముందు కాసేపు నిలబడి, నేరుగా వెళ్లింది.

వరండా మొత్తం గులాబీయే. దాని వెనకెక్కడో కుర్చీ కిర్రుమంది.

"ఎవరండీ?"

"నేనే. ఓజెల్లాని."

"బస్సు ఓజెల్లా గారేనా?"

"ఊళ్లో ఎంతమంది ఉన్నారేంటి?"

"రండి సిస్టర్, రండి," అన్నాడు క్రూస్ గారు, కొమ్మల మధ్య నుంచి తల బయటపెట్టి. "నా మొక్క పోయిందని పందొమ్మిదేళ్లుగా చెబుతున్నారటగా. శవాన్ని చూసి వెళ్దురుగాని."

ఆవిడ చూసింది. శవం కప్పు మీద నుంచి పక్కింటివాళ్ల బట్టల తీగ దాకా పాకి ఉంది. ఆయన టీ తెచ్చాడు, పంచదార పాకంలా ఉన్న చల్లటి టీ. ఓజెల్లా వచ్చిన పని చెప్పింది, నాయనమ్మ పేరూ, రేకూ, మే నెలా అన్నీ. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"ఎన్ని కొమ్మలు కావాలంటే అన్ని ఇస్తాను. ఇచ్చాక మీరొక్క మాటనాలి. రెండక్షరాలు."

"అంటే చస్తుంది."

"నేనంటే చావలేదే."

"అదే నాకూ అర్థం కావట్లేదు. మీరు ఆ రోజు నిజంగా అన్నారా, గొణిగారా?"

"హాల్లో నూటయాభై మంది విన్నారు సిస్టర్. మీరు నన్ను హంతకుణ్ణి చేసింది కూడా విన్నారు." ఆయన గ్లాసు కింద పెట్టాడు. "జెస్సమిన్ పోయిన వారమంతా ఇంటికి గిన్నెలొచ్చాయి. కోడికూరలు, మాకరోనీలు. ఎవ్వరూ దాని పేరెత్తలేదు. ఎత్తితే నేను ఏడుస్తానని భయం. మీరొచ్చి ఏమన్నారో గుర్తుందా?"

ఓజెల్లాకి గుర్తులేదు. జెస్సమిన్ తొమ్మిదేళ్లు తన బస్సులోనే పిల్లల్ని చూసుకునేది.

"'జెస్సమిన్ పాట ఎత్తుకుంటే తప్ప నా బస్సు ఆ కొండ ఎక్కేది కాదు,' అన్నారు. దాని పేరు అంత గట్టిగా అన్నది మీరొక్కరే. నేను థాంక్స్ చెప్పింది ఆ మాటకి. చేతిలో డబ్బా ఉందని కూడా నాకు తెలీదు."

ఓజెల్లా టీ గ్లాసుకేసి తల దించుకుంది. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, అంతలోనే తల చటుక్కున పైకి లేచింది.

"అయితే మొక్కకి చెప్పలేదన్నమాట."

"లేదు."

"అందుకే బతికింది. చూశారా, మా మాట తప్పు కాదు."

క్రూస్ గారు ఆవిడకేసి నోరు తెరిచి చూశాడు. ఆ తర్వాత నవ్వడం మొదలెట్టాడు. ఆయన్ని చూసి ఆవిడ నవ్వింది. ఇద్దరూ పొట్టలు పట్టుకుని, కళ్లజోళ్లు తీసేసి నవ్వుతుంటే పక్కింటావిడ కిటికీ తెరిచి, "ఏమైందండీ?" అని అడిగింది. "ఏం లేదమ్మా, శవపరీక్ష," అన్నాడాయన. ఆ మాటకి మళ్లీ మొదలు.

"క్షమించండి బ్రదర్," అంది ఓజెల్లా, ఊపిరి తీసుకుని. "క్షమాపణ చెప్పకూడదని ఎవరూ అనలేదు కదా. క్లాసుల్లో మీ పేరు చెప్పి ఊళ్లోవాళ్లని నవ్వించాను. పాపం చేశాను."

"బాగానే ఉంది. మరి కొమ్మ సంగతేంటి? మాట చెప్పందే నేనివ్వను, మీరేమో ఆ మాట చెప్పరు."

"ఇవ్వకండి. అటు తిరిగి కూర్చోండి."

ఆయనకి అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది. కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. ఓజెల్లా సంచిలోంచి కత్తెర తీసింది.

"దొంగలు ఇంతసేపు చేయరు సిస్టర్."

"మంచి కొమ్మ చూసుకోవద్దా?"

"ఎడమ పక్కవి లేతగా ఉంటాయి."

"దొంగతో మాట్లాడకూడదండీ. అటే చూడండి."

తొమ్మిది కొమ్మలు దుప్పట్లో కాకపోయినా చర్చి పత్రికలో చుట్టుకుని, డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి బడి పిల్లలా మెట్లు దిగి పారిపోయింది. పెరట్లో పాతి ఒక్కోదాని మీద గాజు సీసా బోర్లించింది. చలికాలమంతా రోజూ వెళ్లి సీసాలకేసి చూసేది. ఏడు కుళ్లిపోయాయి. రెండు చిగురేశాయి.

సమాధుల పండుగకి ముందు మంగళవారం ఒకటి ఆర్మింటా సమాధి మీద నాటింది. రేకు కదల్లేదు. బెర్నడీన్ కళ్లు తుడుచుకుంది. ఓజెల్లా మాత్రం రెండో మొక్క పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా దిగువ వరసలోకి నడిచింది.

ఆదివారం జనమంతా పువ్వులూ నీళ్ల బకెట్లూ పట్టుకుని కొండెక్కారు. క్రూస్ గారు టోపీ పెట్టుకుని జెస్సమిన్ సమాధి దగ్గరికొచ్చేసరికి రాయి పక్కన జానెడు మొక్క, నాలుగు ఆకులు, దాని ముందు కొత్త రేకు మీద 'జెస్సమిన్ గులాబీ' అన్న అక్షరాలు ఉన్నాయి. ఓజెల్లా నీళ్ల డబ్బాతో అక్కడే ఉంది. ఆయన రేకు చదివాడు, మళ్లీ చదివాడు. ఆవిడకేసి తిరిగి నోరు తెరిచాడు.

ఓజెల్లా వేలు పెదవి మీద పెట్టుకుంది. "లేత మొక్కండీ," అంది.

ఆయన నోరు మూసుకున్నాడు. ఒక్క అక్షరం బయటికి రానివ్వలేదు. ఆకాశంకేసి చూసి గొంతు సవరించుకున్నాడు.

"ఈ ఏడు వానలు బాగా పడతాయంటున్నారు," అన్నాడు.