రెబ్కా ఆంటీ చదవని కాగితం

ఆ సినిమా పేరు చెప్పను. చెబితే మా సంఘ పెద్దలు నాకు ఇంకో కాగితం తయారుచేస్తారు. పాత ఇంగ్లీషు సినిమా, తెలుపు నలుపు, యుద్ధం రోజుల్లో ప్రేమకథ. అంతవరకు చాలు. ఢిల్లీ జనక్‌పురిలో మా తెలుగు క్రైస్తవ సంఘం మూడు నెలలు అట్టుడికిపోయింది ఆ సినిమా మూలంగానే, రెబ్కా ఆంటీ మూలంగానే.

ఆంటీది బాపట్ల దగ్గర ఒక పల్లె. తండ్రి మిషనాసుపత్రిలో కాంపౌండరు. గుంటూరులో నర్సు ట్రైనింగుకి చేరిన రెండో ఏడు, అంటే అరవై ఎనిమిదిలో, ఒక ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి ఆ సినిమా మార్నింగ్ షోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి హాస్టల్ వార్డెన్ గేటు దగ్గరే కాచుకుని ఉంది. నెల రోజులు గడప దాటనివ్వలేదు. నెల రోజుల శిక్షకి ఆ సినిమా గిట్టుబాటేనని ఆంటీ నాతో ఎన్నిసార్లు అన్నదో. మనిషి అంతే. తప్పు చేశాననిపిస్తే చంటిపిల్ల ముందైనా చేతులు జోడిస్తుంది. అనిపించకపోతే దేవదూత దిగివచ్చి చెప్పినా ససేమిరా అంటుంది.

డెబ్బై ఒకటిలో ఢిల్లీ వచ్చి ఒక పెద్దాసుపత్రిలో చేరింది. చేరిన ఏడాదే యుద్ధం. వార్డుల నిండా దెబ్బలు తిన్న జవాన్లు. వాళ్ళలో మన తెలుగువాళ్ళకి ఇంటి ఉత్తరాలు చదివిపెట్టే పని ఆంటీ మీద పడింది. రెండు చేతులకీ కట్లున్న ఒక జవానుకి తల్లి పోయిందని ఉత్తరం వచ్చింది. ఇప్పుడే చెప్పవద్దు, అందరూ క్షేమమని చదివెయ్యమన్నాడు డాక్టరు. ఆంటీ ఉన్నదున్నట్టు చదివింది. చదివి, డ్యూటీ అయిపోయాక కూడా ఆ మంచం పక్కనే కూర్చుంది. ఉద్యోగమంతా ఇదే తీరు, రోగికి అబద్ధం చెప్పదు. తనతో చేరినవాళ్ళు ఎప్పుడో మేట్రన్లయ్యారు. ఆంటీ కాలేదంటే ఎందుకో వేరే చెప్పాలా?

భర్త రైల్వేలో గుమాస్తా. తొంభైలో గుండెనొప్పితో పోయాడు. పిల్లలు లేరు. సొంతమని చెప్పుకోవడానికి ఆ ఊళ్ళో ఆంటీకి మిగిలింది మా సంఘమే.

నేను పెర్సిస్‌ని, చీరాల పిల్లని. రెండు వేల నాలుగులో ఆంటీ ఇంటి మేడమీది గదిలో ఇంకో ముగ్గురు నర్సమ్మాయిలతో అద్దెకుండేదాన్ని. ఒక బుధవారం మధ్యాహ్నం నలుగురికీ ఒకేసారి ఆఫ్ దొరికింది. ఆంటీ కిందికి పిలిచి, పాలికా బజారులో కొన్న ఆ సినిమా సీడీ పెట్టింది. ఆ ఇంగ్లీషు మాకు అర్థమై చావదు గదా, పక్కన కూర్చుని ప్రతి మాటా తెలుగులో చెబుతూ పోయింది. పెట్టిన టీలు పెట్టినట్టే చల్లారిపోయాయి. చివరికి నలుగురం చున్నీలతో ముక్కులు తుడుచుకుంటూ మేడెక్కాం.

మా సంఘంలో సినిమా పాపం. మాలో ఒకమ్మాయికి మనసు నిలవక, శుక్రవారం ఉపవాస ప్రార్థనలో లేచి చెప్పేసింది. అక్కడున్నది జాన్‌బాబుగారు, మా సంఘ పెద్ద, ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. ఆఫీసులో ఫైళ్ళు కదిలేవో లేదో తెలియదు గాని మా ఫైలు మాత్రం రెండు రోజుల్లో కదిలింది. ఆదివారానికి ఐదుగురికీ బల్ల ఆపేశారు. నెలకోసారి ప్రభువు బల్ల దగ్గర అందరికీ రొట్టె, ద్రాక్షారసం ఇస్తారు. మావాళ్ళలో అది ఆపడమంటే కంచం ముందు నుంచి మనిషిని లేపెయ్యడమే. మళ్ళీ కావాలంటే పెద్దలు రాసిచ్చిన కాగితం సంఘం ముందు నిలబడి చదవాలి. సినిమా చూసి పాపం చేశాను, అది నా ఆత్మకు కీడు చేసింది, క్షమించండి అని.

మేం నలుగురం చదివేశాం. అబద్ధమెందుకు, ఊళ్ళో మా అమ్మకి ఫోన్ చేస్తారేమోనని నాకు ప్రాణం పోయింది. గడగడా చదివేసి కూర్చున్నాను. ఆంటీ కాగితం తీసుకుంది, కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం మనసులోనే చదువుకుంది, మడిచి బైబిల్లో పెట్టుకుంది. లేవలేదు.

మొదటి నెల రొట్టె పళ్ళెం ఆంటీని దాటి వెళ్ళిపోయింది. రెండో నెలా అంతే. ఆ రెండు ఆదివారాలూ ఆంటీ అన్నం ముట్టలేదు. ఆ కాగితం చదివి పారేస్తే పోతుంది గదా అని నేను బతిమాలాను. ఆంటీ ఏడ్చింది. ఆంటీ ఏడవగా చూడటం నాకదే మొదలు.

“ఆయన పోయినప్పుడు కూడా ఆ ముక్క రొట్టె పట్టుకునే నిలబడ్డానే పెర్సిస్. అది లేకుండా నేనీ ఊళ్ళో బతకలేను. అట్టాగని అబద్ధం చెప్పి తినలేను.”

నాకు ఒళ్ళు మండింది. ఆంటీ మీద కాదు, నా మీద నాకే.

మూడో నెల నథానియేలు పాస్టరుగారు ఇంటికి వచ్చారు. మెత్తని మనిషి, పెద్దల మాటకు ఎదురు చెప్పలేరు. రెండు ముక్కలు చదివితే చాలమ్మా, మిగతాది నేను చూసుకుంటానన్నారు. ఆదివారం సాక్ష్యాల సమయంలో, ఎవరి అనుభవం వాళ్ళు లేచి చెప్పుకునే వేళ, నిలబడతానని ఆంటీ మాటిచ్చింది. ఆంటీ దిగివచ్చిందనుకున్నారాయన. నిజం చెప్పొద్దూ, నేనూ అలాగే అనుకున్నాను.

మేం ఆరాధన చేసుకునేది అద్దెకు తీసుకున్న ఒక స్కూలు హాల్లో. ఒక పక్క మగవాళ్ళు, ఒక పక్క ఆడవాళ్ళు. ఆంటీ లేచి వందనాలు చెప్పి, కాగితం చేతిలో పట్టుకుని, కథ మొదలుపెట్టింది. సాక్షాత్తూ ఆ సినిమా కథే! యుద్ధంలో ఒక సైనికుడికి కళ్ళకు దెబ్బ తగిలి ఆసుపత్రిలో పడి ఉంటాడు. ఊరి మీద బాంబులు పడి భార్య చనిపోయిందని అప్పటికే కబురొచ్చింది. అతన్ని చూసుకునే నర్సుకి అతనంటే ప్రాణం, అతనికి ఆమె గొంతంటే ప్రాణం. పెళ్ళి చేసుకుందామనుకుంటారు. సరిగ్గా అప్పుడు ఒక ఉత్తరం వస్తుంది. భార్య బతికే ఉంది, ఆమె రాసింది. అతను చూడలేడు గనుక చదివి వినిపించాల్సింది నర్సే. ఏం చదివినా అడిగేవాడు లేడు.

పుట్టి బుద్ధెరిగి సినిమా చూడని ముసలమ్మలు నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. మగవాళ్ళ పక్క వెనక వరుస మెడలు సాచింది. జాన్‌బాబుగారు లేచారు. ఆయన తమ్ముడు సినిమాల పిచ్చితో మద్రాసు వెళ్ళి నాశనమైపోయాడట, ఆ పుండు ఆయనకింకా మానలేదు. ఇది దేవుని మందిరం సిస్టర్, కూర్చోండి అన్నారు.

ఆంటీ కూర్చోబోయింది. అప్పుడు మా వరుసలోంచి సరోజినమ్మ మాట్లాడింది. జాన్‌బాబుగారి భార్య. పాటల్లో తప్ప ఆవిడ గొంతు ఎలా ఉంటుందో సంఘంలో ఎవరికీ తెలియదు.

“కూర్చోవద్దు రెబ్కా. ఆ పిల్ల చదివిందా లేదా, అది చెప్పి కూర్చో.”

“చదివిందండీ. ఉన్నదున్నట్టు చదివింది. అతను భార్య దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ పిల్ల మొహం కడుక్కుని పక్క మంచం రోగి దగ్గరికి వెళ్ళింది. అంతే సినిమా.” ఆంటీ పాస్టరుగారి వైపు తిరిగింది. “ముప్పై ఆరేళ్ళ నుంచీ చూస్తున్నానయ్యగారూ. ఇవాళ్టికీ ఆ చోటికి వచ్చేసరికి, ఈసారి అబద్ధం చదివేస్తదేమోనని నా గుండె కొట్టుకుంటది. చదవదు. ఆ పిల్లని చూసి నేను నిజం చెప్పడం నేర్చుకున్నా. అది పాపమని ఈ కాగితం చదివితే, దేవుడి ముందు నిలబడి అబద్ధం చదివినట్టే. నేను చదవను.”

కాగితం తీసుకెళ్ళి జాన్‌బాబుగారి ముందున్న బల్ల మీద పెట్టి, వచ్చి నా పక్కన కూర్చుంది.

పాస్టరుగారు ప్రార్థన చేసి రొట్టె విరిచారు. పళ్ళెం ఆడవాళ్ళ వరుసలోకి వచ్చింది, మొదట నా చేతికే. ఆంటీని దాటించి అవతలికి ఇవ్వాలి. నేను లేచి నిలబడ్డాను. ఆ రోజు నేను చదివిన కాగితం అబద్ధమని, సినిమా చూసినందుకు నాకు బాధ లేదని, చదివినందుకే ఉందని చెప్పాను. రొట్టె తీసుకోకుండా పళ్ళెం ముందుకిచ్చాను. మా గది అమ్మాయిలు ముగ్గురూ తీసుకోలేదు. తర్వాత ఉన్న సరోజినమ్మా తీసుకోలేదు. ఆవిడ తర్వాత వరుసంతా అంతే. పెట్టిన రొట్టె పెట్టినట్టే పళ్ళెం తిరిగి వెళ్ళింది.

ఇదేమిటమ్మా అన్నారు పాస్టరుగారు.

“ముందు ఆవిడకి పెట్టండయ్యగారూ,” అంది సరోజినమ్మ. “ఇంట్లో ఒకర్ని పస్తు కూర్చోబెట్టి మేం తినం.”

పాస్టరుగారు జాన్‌బాబుగారిని చూశారు. జాన్‌బాబుగారు భార్యను చూస్తున్నారు. ఆయన వద్దనలేదు, అవుననలేదు. పాస్టరుగారు పళ్ళెం పట్టుకుని తానే మా వరుస దాకా నడిచి వచ్చి ఆంటీ ముందు వంగారు.

“కాగితం చదవలేదు నేను,” అంది ఆంటీ.

“తెలుసమ్మా. తీసుకో,” అన్నారాయన.

ఆంటీ తీసుకుంది. ఆ తర్వాతే నేను తీసుకున్నాను.