మామ నా లిమిటర్‌ని చూసి నవ్విన రోజు

నిన్న పొద్దున అత్త ఫోన్ చేసి, "మామ పోయినాడు పాపా" అనింది.

నేను నమ్మలేదు. మామ చెప్పిందాన్ని ఒక్కసారికి నమ్మడం ఎప్పుడో మానేసినా. ఆయన గురించి ఎవురు చెప్పినా అంతే.

హార్ట్ అటాక్ అంట. ఒర్లియంపేటలో మామ ఇంటి ముందర షామియానా చూసినాక నమ్మినా.

మా అమ్మకు సొంత తమ్ముడు. ఇంజనీరింగ్ కాలేజీలో హెచ్‌ఓడీ. కాలేజీలో మాత్రం నేను ఆయన్ని సార్ అనాల.

రేడియో రిసీవర్‌లోకి ఎక్కువ పవర్ వచ్చి పడితే లోపలి ఆంప్లిఫయర్ కాలిపోతుంది. కాలకుండా ముందర లిమిటర్ అని ఒకటి పెడతారు. దాన్ని కంప్యూటర్లో సిమ్యులేట్ చేసేదే నా ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్.

లిమిటర్ పని మొదలుపెట్టే లోపల, రెప్పపాటు కంటే తక్కువ టైమ్‌లో, కొంచెం పవర్ జారిపోతుంది. ఎంత సేపటికొకసారి లెక్క కట్టాలనే టైమ్ స్టెప్‌ని నేను మరీ పెద్దది పెట్టేసినా. ఆ జారింది గ్రాఫ్‌లో పడనే లేదు. గీత సాఫీగా వచ్చిందని ఎంత మురిసిపోయినానో.

రివ్యూకి ముందు రోజు సాయంత్రం మామకి చూపించినా. చానాసేపు చూసినాడు.

"బాగుండాది పాపా, ఇట్టే చూపించు" అన్నాడు.

మరుసటి రోజు రివ్యూకి బెంగళూరు ల్యాబ్ నుంచి ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. ఆయనకి నచ్చితే ఉద్యోగం. మా నాయన కిరుమాంబాక్కంలో సేద్యం చేసి నన్ను చదివించింది దానికే.

మామ అడిగింది ఒకటే. "టైమ్ స్టెప్ ఎంత?"

చెప్పినా.

నవ్వినాడు. "రిసీవర్ ఎప్పుడో కాలిపోయింది సార్. ఈ అమ్మాయికి పొగ వాసన కూడా రాలేదు."

అందరూ నవ్వినారు. పెద్దాయన నా రిపోర్ట్ మూసి పక్కన పెట్టేసినాడు.

నిన్ననే చూసినావు కదా మామా, ఒక మాట చెప్పొచ్చు కదా అని బయట అడిగినా.

"ఇంట్లో చెప్పింటే నీకు బుద్ధి వచ్చేదా?"

బుద్ధి వచ్చింది. ఉద్యోగం రాలేదు. ఇప్పటికీ బట్టల అంగట్లో బిల్లులు కొడతా ఉండా.

నిన్న ఆయన స్టూడెంట్స్ అంతా, సార్ తిట్టినోళ్ళు బాగుపడతారు అని ఏడ్చినారు. నేను పక్కనే నిలబడుండా. ఏడుపు రాలేదు. తెప్పించుకోనూ లేదు.

మామ గురించి నాలుగు మంచి మాటలు ఆన్‌లైన్‌లో రాయమని అత్త అడిగింది. వెతికినా. దొరకలేదు.

అత్తకు తెలుగు అక్షరాలు రావు. మీలో ఎవరినో ఒకరిని చదివి చెప్పమంటుంది. ఆమె ఏ పాపమూ ఎరగదు. అన్నీ మంచివే రాసినానని చెప్పండి.

సెరే మామా, యాడున్నా ప్రశాంతంగా ఉండు.

ఆడ మాత్రం ఎవురికీ పాఠం చెప్పొద్దు.