తాబేలును తెచ్చిన ఆదివారం

నా చిన్నప్పుడు, మా వాడలోని రేకుల చర్చిలో అందరూ దేవుణ్ణి ‘తండ్రీ’ అని పిలిచే ప్రార్థన మొదలుకాగానే నేను పెదవులు బిగించుకునేదాన్ని. మా నాన్న నేను పుట్టకముందే పోయాడు. ఏనాడూ ఎవరినీ పిలవని పిలుపు నా నోటికి వచ్చేది కాదు. పక్కన కూర్చునే మా నాయనమ్మ అది గమనించింది కానీ, ఒక్కనాడూ గద్దించలేదు.

పటాన్‌చెరు చుట్టూ కంపెనీలు లేస్తున్న రోజులవి. ఆ ఎండాకాలం మా ఊరి వాగు నీళ్లు ఎర్రబారి ఘాటుగా వాసన కొట్టసాగాయి. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తుంటే, ఒడ్డున నురగలో ఒక తాబేలు మెడ చాచి ఊపిరికోసం తన్నుకులాడుతోంది. అందరూ ముక్కు మూసుకుని దాటిపోయారు. నేను కొత్త లంగాతోనే దిగి దాన్ని ఎత్తుకున్నాను. చేతులు భగ్గున మండాయి. నాయనమ్మ నన్ను బోరింగు దగ్గరికి లాక్కెళ్లి, నా చేతులూ దాని డిప్పా కడిగి, తడిపిన కొంగులో దాన్ని చుట్టింది. ఇద్దరం దగ్గర్లోని పటేలు బావికి పోయాం.

“ఏందవ్వా, గా మురికిలదాన్ని తెచ్చి నా బావిల ఏస్తవా? నీళ్లు ఖరాబైతే?” అన్నాడాయన.

“మంచిగ కడిగినం పటేలా. వాగు పాయె. ఇగ ఇది యాడికి పోతది?” అంది నాయనమ్మ.

ఆయన తాబేలునూ, ఎర్రగా కందిన నా చేతులనూ చూశాడు. దాన్ని బొక్కెనలో పెట్టి తనే బావిలోకి దింపాడు. నీళ్లలో అది కదలకుండా తేలింది. నేను గట్టు మీద వంగి చూస్తున్నాను. కాసేపటికి ఒక కాలు ఆడింది, తర్వాత రెండోది. మెల్లగా లోపలికి మునిగిపోయింది.

“అందరు పోయిన్రు గద, మనమే ఎందుకు తెచ్చినం?” అని దారిలో అడిగాను.

“పైనున్న నాయిన చేసినయి పాడైతుంటె పరాయోళ్లు సూసుకుంట పోతరు. బిడ్డ ఊకుంటదా? నువ్వు ఊకోలె. మరి నువ్వెవరి బిడ్డవే?”

నేను ఆమె నడుం పట్టుకుని ఏడ్చాను. ఆ సాయంత్రం ఇంట్లో ప్రార్థన చేస్తుంటే ‘తండ్రీ’ అన్న పిలుపు నా నోట మెల్లగా వచ్చింది. నాయనమ్మ కళ్లు తెరవలేదు, నా చేయి మాత్రం గట్టిగా పట్టుకుంది.

ఇప్పుడు అమీన్‌పూర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. పొద్దున నడకకు పోయినప్పుడు గాలిపటం దారంలో కాళ్లు చిక్కుకున్న పిట్ట కనబడితే, మోకాళ్లు సహకరించకపోయినా అక్కడే కూలబడి చిక్కు విప్పుతాను. పుణ్యం కోసమా అని అడుగుతారు తోటివాళ్లు. పుణ్యం సంగతి నాకు తెలియదు. మా నాయన వాకిట్లో ఒక ప్రాణి పడి ఉంటే, నేను చూసి ఎట్లా పోగలను?